జేజి రోకలి, నాయన గ్రహణం

సూర్యుడికి ఒక దారి, చంద్రుడికి ఒక దారి ఏర్పరచి, ఆ దారుల్లో ఏది ఎప్పుడు దేనికి అడ్డం రావాలో మనిషి పుట్టకముందే నిర్ణయించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. వెలుగు ఇచ్చేదీ ఆయనే, ఆ వెలుగును కాసేపు కప్పి మన గుండెలు ఎక్కడున్నాయో తట్టి చూసేదీ ఆయనే. ఆయన ప్రవక్త మీద శాంతి కురవాలి. జరిగింది జరిగినట్టు చెప్పే నిజాయితీని ఈ కలానికి ఆయనే ఇవ్వాలి.

పోయిన వేసవిలో ఊరి నుంచి కబురొచ్చింది. మా పాత మిద్దె దూలం ఒరిగిందని, ఆ గోడ మసీదు గోడను ఆనుకుని ఉంది కాబట్టి వానలకు ముందే దింపించాలని చెప్పారు. బెళుగుప్పకూ కళ్యాణదుర్గానికీ మధ్య ఎర్రనేలల్లో ఉండే చిన్న ఊరు మాది. బస్సు దిగి తూర్పువైపు చూస్తే, చిన్నప్పుడు చంద్రుడు పొడిచే కొండగట్టు మీద ఇప్పుడు వరసగా గాలిమరలు తిరుగుతున్నాయి. ఇంట్లో మిగిలింది పెద్దగా ఏమీ లేదు. అటక మీద నాయన దూది ఏకే విల్లు, నారి తెగి, గోడకు ఆనుకుని ఉంది. దాని పక్కన, నాయనను కన్న మా జేజి రోకలి. కింద ఇనుప పొన్ను అరిగి నున్నగా ఉంది. చేతిలోకి తీసుకోగానే నాకు మొదట గుర్తొచ్చింది దంచిన కారం వాసన కాదు, ఇత్తడి తాంబాళంలో నీళ్ళ మధ్య నిటారుగా నిలబడి, ఎంతకీ పడని ఆ రోకలి. ఆ సాయంత్రపు భయం ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కదిలింది.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీ. పట్నంలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు మమ్మల్ని సగం ముస్లింలే అనుకునేవాళ్ళు, ఊళ్ళో మిగతావాళ్ళు ఇంకో సగం అనుకునేవాళ్ళు. నాయన హుసేనప్ప దాన్ని లెక్కపెట్టేవాడు కాదు. పొద్దున ఫజర్ నమాజు చదివించి వచ్చి, రాగిసంకటి తిని, ముందుగదిలో విల్లు వేలాడదీసి దూది ఏకేవాడు. కొయ్య సుత్తితో నారిని కొడితే ఒక్కో దెబ్బకు ఒక మూలుగు లేచేది. ఆ శబ్దం వినకపోతే నాకు పొద్దు పొడిచినట్టే ఉండేది కాదు. ఇల్లంతా పాత పరుపుల వాసన, ఎవరివో చెమటలు, ఎవరి పసిబిడ్డలవో పాల మరకలు, ఎండకు ఆరిన బూరుగుదూది వాసన. అమ్మ ఎంత ఊడ్చినా దూది నుసి కూటి గిన్నెల మీద వాలేది. నాయన కనురెప్పలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి.

మసీదులో ముందు నిలబడి నమాజు చదివించే ఇమాము పని మా తాత నుంచి నాయనకు వచ్చింది. తాతకు వచ్చినంతే నాయనకూ వచ్చు. పవిత్ర గ్రంథం చివర ఉండే చిన్న సూరాలు, అంటే చిన్న అధ్యాయాలు, ఓ పిడికెడు. అవి తప్పు లేకుండా, మెల్లగా, పిల్లలకు నేర్పుతున్నట్టు చదివేవాడు. ఊళ్ళో రోజూ నమాజుకు వచ్చే రెండు వరసల మందికి అది చాలింది. ప్రతిఫలంగా పంట ఇంటికొచ్చినప్పుడు ఎవరికి తోచినన్ని శెనక్కాయలు వాళ్ళు మా వాకిట్లో పోసేవాళ్ళు. నాయనకు ఆ కాయల కంటే ఆ ముందు చోటు ముఖ్యం. అక్కడ నిలబడితే తన నాయన వెనక నిలబడినట్టే ఉంటుందని ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను.

గ్రహణం వస్తే మాత్రం మా ఇంట్లో ఇమాము మాట చెల్లేది కాదు, జేజి మాట చెల్లేది. ఊరగాయ జాడీల మీద, నీళ్ళ కడవల మీద గరికపోచలు వేసేది. నాపబండ మీద తాంబాళం పెట్టి నీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టేది. పట్టినప్పుడు నిలుస్తుందని, విడిచినప్పుడు తనంతట తనే పడుతుందని ఆమె నమ్మకం. ఇరుగుపొరుగు కూడా మబ్బు పట్టిన రోజుల్లో మా వాకిలి దగ్గరకొచ్చి, రోకలి పడిందా అవ్వా అని అడిగి పోయి స్నానాలు చేసేవాళ్ళు. ఇది మన ధర్మంలో లేదమ్మా అని నాయన నెమ్మదిగా చెప్పేవాడు. మీ నాయన ఉన్నెప్పుడు కూడా నిలబెట్టినా, ఆయన ఏమనలే, నువ్వేమప్పా అనేది జేజి. అంతటితో ఆ మాట ముగిసేది.

నాకు పదో తరగతి మొదలైన ఏడు, జూన్‌లో ఒక వాన పడి, శెనక్కాయ విత్తి, ఆ తర్వాత ఆకాశం మూసుకున్న ఏడు, మా సైన్సు సారు చంద్రగ్రహణం గురించి చెప్పారు. బల్ల మీద దీపం పెట్టి, ఇద్దరి చేతుల్లో రెండు బంతులు పెట్టి తిప్పించారు. గ్రహణాలు కుటుంబాలుగా ఉంటాయన్నారు. ఒక గ్రహణం పట్టాక, పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజులూ, ఆపైన ఒక రోజులో మూడో వంతూ గడిస్తే, సూర్యుడూ భూమీ చంద్రుడూ దాదాపు మొదట ఉన్నట్టే మళ్ళీ నిలబడతాయట. అందుకే దాదాపు అలాంటి గ్రహణమే మళ్ళీ వస్తుంది. అయితే ఆ మూడో వంతు రోజులో భూమి కొంత అదనంగా తిరిగిపోతుంది కాబట్టి, పోయినసారి చూసిన దేశానికి ఈసారి అది కనబడకపోవచ్చు. మూడుసార్లు తిరిగితే మళ్ళీ మొదటి దేశం మీదికే వస్తుంది. మధ్యలో వచ్చే గ్రహణాలు వేరే కుటుంబాలవి. ఈసారి వచ్చేది చాలాసేపు ఉండే గ్రహణమని, మన ఊళ్ళో చంద్రుడు పొడిచేటప్పటికే పూర్తిగా పట్టి ఉంటుందని, రాత్రి తొమ్మిదిన్నర లోపు పూర్తిగా విడుస్తుందని చెప్పారు. ఈ కుటుంబంలో దీనికి ముందుది మనకు పట్టపగలు పోయింది కాబట్టి ఇక్కడెవరూ చూడలేదు. దానికి ముందుది తెల్లవారుజామున పట్టి, చంద్రుడు అలాగే పడమట మునిగిపోయాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే జేజి విత్తనాల కాయలు ఒలుస్తోంది. తెల్లవారి మునిగిన గ్రహణం అనగానే ఆమె చేయి ఆగింది.

"అది నేను సూసినా," అంది. "మీ నాయన నా కొంగు పట్టుకోని నడుస్తాండె అప్పుడు. చంద్రుడు నల్లగా అట్లనే గట్టు కింద మునిగినాడు. రోకలి నిలబడే ఉండె. మళ్ళా యాడ ఇడిసిందో, ఇడిసిందో ల్యాదో, నేను సూడలే మే."

ఆ ఏడు విత్తిన విత్తనం నేలలోనే మాడిపోయిందట. జేజి మనసులో ఆ రెండూ ఒక్కటే అయిపోయాయి. విడవని గ్రహణం ఒకటి ఈ ఊరి మీద బాకీ ఉండిపోయిందని ఆమెకు లోపల ఒక దిగులు. అన్నేళ్ళుగా మాతో ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పుడు అదే గ్రహణం, అదే కుటుంబంది, మళ్ళీ వస్తోందని మనవరాలు చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. నాయన మాత్రం విని, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో కరువు కోసమో గ్రహణం పట్టదని, అది అల్లాహ్ చూపించే గురుతు అని, చూసినప్పుడు నమాజుకు నిలబడాలని ప్రవక్త నేర్పినట్టు చెప్పాడు. చెప్పిన తర్వాత తనే గూట్లోని గ్రంథం వైపు చూశాడు. ఎందుకంటే ఆ నమాజు మా ఊళ్ళో అంతవరకు ఎవరూ చదవలేదు.

ఆ కబురు ఎలా పాకిందో గాని, మసీదు పనులు చూసే మస్తానప్ప ఆ వారంలోనే మా ఇంటికొచ్చాడు. పట్నంలో చదువు ముగించిన ఒక హాఫిజు, అంటే గ్రంథమంతా కంఠతా వచ్చినవాడు, మా మండలంలోనే బంధువుల ఇంట్లో ఉన్నాడని, అతన్ని మన మసీదుకు తెచ్చుకుందామని కొందరు అంటున్నారని చెప్పాడు. చంద్రగ్రహణానికి ఎవరిళ్ళలో వాళ్ళు చదువుకుంటే చాలని కొందరు పండితులంటారు, మసీదులో అందరూ కలిసి జమాఅత్‌గా చదవాలని కొందరంటారు. ఈ హాఫిజు రెండో పక్షంవాడు. గ్రహణం రోజు వస్తానన్నాడట. మస్తానప్ప గొంతు సవరించుకుని, "నువ్వే చదివియ్ హుసేనప్పా. ఆయన ఎనక నిలబడి వింటాడు. తర్వాత ఏం జేసేది అందరూ కూచోని అనుకుందాం," అన్నాడు. అది పరీక్ష అని అమ్మకు కూడా అర్థమైంది. కాఫీ గ్లాసు అతని ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

గ్రహణ నమాజు మామూలు నమాజు కాదు. ప్రతి రకాతులో, అంటే నమాజులోని ఒక్కో చుట్టులో, రెండుసార్లు నిలబడి చదవాలి, రెండుసార్లు వంగాలి, ఆ నిలబడటం, ఆ వంగటం ఎంత పొడుగుంటే అంత మంచిది. గ్రహణం విడిచేదాకా సాగాలి. గ్రంథంలో అన్నిటికంటే పెద్ద సూరా అంత చదివిన ఆనవాయితీ ఉంది. నాయన దగ్గర ఉన్నవి పిడికెడు చిన్న సూరాలు. అందుకని ఆ పెద్ద సూరా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పక్కన పీట మీద గ్రంథం తెరిచిపెట్టి, ఒక వాక్యం చూసి, కళ్ళు మూసుకుని, నారి మీద ఒక దెబ్బ వేసి, ఆ మూలుగు ఆగేలోపు వాక్యం పూర్తిచేసేవాడు. తప్పితే ఆ దూది మళ్ళీ ఏకేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో పరుపులు మహా మెత్తగా తయారయ్యాయని అమ్మ ఎగతాళి చేసేది. కానీ తిండి తగ్గించాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని పెదవులు కదిలిస్తుంటే ముద్ద చేతిలోనే ఆరిపోయేది. మోకాలు ఒకటి వాచింది, అయినా నిలబడి చదివే అలవాటు కావాలని నిలబడే వల్లించేవాడు. సూరాలో ఎంతవరకు వచ్చిందని నేను అడగడం మానేశాను. అడిగినప్పుడల్లా అతని కళ్ళు గట్టు దాటి ఎటో పోయేవి. ఒక నాలుగో వంతు కూడా రాలేదని నాకు తెలుసు. రోజూ క్యాలెండరు చూడటానికి భయపడుతూ చూసేదాన్ని.

ఆ రోజు ఆదివారం. ఆషాఢం గాలి పొద్దుటి నుంచీ ఊరి మట్టినంతా ఎత్తి మా మీదే పోస్తోంది. తూర్పున మబ్బు కమ్ముకుంది గాని వాన మబ్బు కాదు, ఉత్త మూత. పొద్దుగూకాక చదివే మగ్రిబ్ నమాజు అయిపోయింది. పున్నమి చంద్రుడు గట్టు మీద ఉండాల్సిన వేళకు అక్కడ ఏమీ లేదు. మసీదు ముందర మనుషులు మెడలు చాచి నిలబడ్డారు. హాఫిజు సన్నగా, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళవాడు, గడ్డం ఇంకా పూర్తిగా రాలేదు. కళ్ళతో చూడకుండా నమాజు మొదలుపెట్టకూడదని ఆయన చెప్పాడు. ఎవరో మా జేజి రోకలి అప్పుడే నిలబడిందని చెబితే, గుంపులో సగం మంది ఇంకేం మొదలుపెట్టండి అన్నారు. హాఫిజు నవ్వలేదు, కోప్పడలేదు, కాసేపు ఆగుదామన్నాడు. అంతలో గాలి ఒక చోట మబ్బును చీల్చింది. గట్టు పైన, మేము ఎదురుచూసిన చోటికి కాస్త ఎగువన, చంద్రుడు ఉన్నాడు. మా చేలల్లో నాగలికి లేచిన ఎర్రమట్టి పెళ్ళలాగా, వెలుగు లేకుండా, ఊరికే వేలాడుతూ. అంతసేపూ అక్కడే ఉన్నాడు, మాకు కనబడలేదు. నాయన ముఖం తుడుచుకుని లోపలికి నడిచాడు.

మసీదు కిటికీ మా వాకిట్లోకి తెరుచుకుంటుంది. లోపల ఉన్నవాళ్ళకు ఆకాశం కనబడదు కాబట్టి, గ్రహణం విడిచిన సంగతి నాయనకు తెలియజేసే పని నాకు పెట్టారు. నెలసరి కాబట్టి ఆ వారం నాకు నమాజు లేదు. నమాజులో ఉన్న ఇమామును హెచ్చరించాలంటే ఆడవాళ్ళు మాట్లాడకూడదు, చేతి మీద చేయి కొట్టాలి. చంద్రుడు పూర్తిగా తెల్లబడగానే కిటికీ దగ్గరకొచ్చి ఒక్క చప్పుడు చేయాలి, అంతే. అమ్మ తన నమాజు తాను చదువుకుని చాప మీద తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. జేజి లోపల తాంబాళం ముందు. నేను వాకిట్లో, తల ఎత్తి.

నాయన గొంతు మొదట గట్టిగానే వచ్చింది. పెద్ద సూరా మొదటి పేజీలు, దూది మీద అన్నిసార్లు విన్నవి, నాకే కంఠతా వచ్చినట్టుండేవి. తర్వాత నేను తక్కువగా విన్న భాగం వచ్చింది. గొంతు జాగ్రత్తగా అడుగులు వేసింది. ఆ తర్వాత ఆగింది. కిటికీ అవతల మనుషుల ఊపిరి కూడా వినబడలేదు. మా అమ్మ చేతిలో పూస కదలలేదు. నాయన చివరి మాటను మళ్ళీ చదివాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక చిన్న గొంతు, హాఫిజుది, తర్వాతి మాట అందించింది. ఇమాము మరిస్తే వెనకవాళ్ళు అందించడం ధర్మమే. నాయన అందుకున్నాడు, కొంత దూరం పోయాడు, మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఆ గొంతు. మూడోసారి ఆగినప్పుడు నాయన ఆ సూరా వదిలేసి, తనకు ఎప్పటినుంచో వచ్చిన చిన్న సూరాల్లోకి వచ్చేశాడు. ఒకదాని తర్వాత ఒకటి, మెల్లగా, ప్రతి మాటనూ ఒత్తి పలుకుతూ. అయిపోతే మళ్ళీ మొదటిది. వంగడం, లేవడం, మళ్ళీ నిలబడటం. ఆ వాచిన మోకాలు నా కళ్ళముందే ఉంది.

మబ్బు మళ్ళీ మూసుకుపోయింది. ఎంతసేపు చూసినా ఒక్క సందు కూడా తెరవలేదు. లోపలికి పోయి లాంతరు వెలుగులో గోడగడియారం చూస్తే సారు చెప్పిన వేళ దాటింది. జేజీ, టైము అయిపోయింది, విడిచే ఉంటాదన్నాను. ఆమె రోకలి మీంచి చూపు తిప్పలేదు.

"మీ సారు ఏమన్నా చంద్రునికి మేనమామనా? రోకలి నిలబడే ఉండాది, సూడు. ఇడిసింటే పడదా?"

"మబ్బుండాది జేజీ. నాయన ఇంకా నిలబడుకోనే ఉండాడు."

"ఉండనీ. పోయినసారి ఇడిసేది సూడకనే లోపలికి పోతిమి. ఈసారి నేను ఇడవను."

గ్రహణం విడవకముందే చప్పుడు చేసి నమాజు ముగిస్తే, అంతమంది నమాజు నా వల్ల చెడుతుందన్న భయం. చేయకపోతే నాయన అలాగే నిలబడి ఉంటాడు. గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరిగాను. లోపల నాయన గొంతు ఒక చిన్న సూరా మధ్యలో, పసిపిల్లలు కూడా తప్పు పోని చోట, జీరబోయింది. అమ్మ తస్బీ పక్కన పెట్టి లేచింది. అప్పుడే జేజి, మబ్బు ఏమన్నా తొలిగిందేమోనని చేత్తో గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది. ఇద్దరూ గుమ్మంలో ఒకరినొకరు దాటుకున్నారు. ఒక్క నిమిషం. లోపల నాపబండ మీద కొయ్య దభాలున పడిన చప్పుడు, తాంబాళం దొర్లి గిర్రున తిరిగిన చప్పుడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి, "పడిందత్తా," అంది.

నేను కిటికీ దగ్గరకు పరిగెత్తి చేతి మీద చేయి కొట్టాను. లోపల నాయన వంగాడు, లేచాడు, నుదురు నేలకు ఆనించి సజ్దాలో చాలాసేపు ఉండిపోయాడు, తర్వాత నమాజు ముగించే సలాం వినబడింది. తిరిగి చూస్తే అమ్మ కుడిచేయి మణికట్టు దాకా తడిసి ఉంది. జేజి కూడా దాన్నే చూస్తోంది. అత్తా కోడళ్ళ మధ్య ఏమవుతుందోనని నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. అంతలో గాలి విసురుగా వచ్చి మబ్బును ఈడ్చుకుపోయింది. పైన చంద్రుడు నిండుగా, తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా, ఎప్పుడో విడిచి ఊరికే మాకోసం కూర్చున్నట్టు ఉన్నాడు. జేజి నోరు తెరుచుకుని చూసింది. తన కొంగు తలమీదికి లాక్కుని, దువా చేసినట్టు రెండు చేతులూ ఎత్తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇడిసింది మే. ఇడిసేది సూసినా," అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "నీ చెయ్యి తుడుసుకో, గాలికి సలి పెడ్తాది," అంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మా ఇంట్లో ఏ గ్రహణానికీ ఆమె రోకలి నిలబెట్టలేదు. అడిగితే, రోకలికి పడేది తెలీదంట, మీ అమ్మ చెప్పినాది అనేది.

నాయన గోడ పట్టుకుని మసీదు మెట్లు దిగాడు. అందరూ ఆయన చుట్టూ చేరారు. మస్తానప్ప హాఫిజు ముఖంలోకి చూశాడు, తీర్పు చెప్పమన్నట్టు. హాఫిజు నాయననే అడిగాడు, ఆ భాగం ఎన్నాళ్ళలో నేర్చుకున్నారని. పోయిన అమావాస్య నుంచి అని నాయన చెప్పాడు. మదరసాలో అదే భాగానికి తనకు ఇంకా ఎక్కువ రోజులు పట్టిందని, పని చేసుకుంటూ అయితే తనకు అసలు వచ్చేది కాదని ఆ పిల్లవాడు అన్నాడు. నాయన తలొంచుకుని విన్నాడు. తర్వాత గుంపులోంచే, మా వాకిట్లో కిటికీ దగ్గర నిలబడ్డ నన్ను పిలిచాడు.

"పాపా, ఇదే గ్రహణం, ఇదే కుటుంబంది, మళ్ళా ఎప్పుడొస్తాదనె మీ సారు?"

"పద్దెనిమిదేండ్లకు నాయనా. ఆ పొద్దు మనకు నడిరేత్రి కనపడ్తాదంట."

"సరే. ఆ పొద్దుకు పూర్తిగా చదువుతా."

"అప్పటికి నోట్లో పండ్లుంటాయా హుసేనప్పా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"పండ్లు పోతే చిగుళ్ళతో చదువుతా లేప్పా," అన్నాడు నాయన. అందరూ నవ్వారు. హాఫిజు నవ్వలేదు. ఆ మాటను ఎక్కడో దాచుకున్నట్టు చూశాడు.

తర్వాతి శుక్రవారం కమిటీ కూర్చోవాల్సిన పని లేకపోయింది. నమాజు మొదలవుతోందని ఇఖామత్ చెప్పగానే నాయన ముందుకు పోకుండా, హాఫిజు భుజం పట్టి ముందు చోటుకు నెట్టి, తాను వెనక వరసలో ఆ పిల్లవాడు నిలబడే చోట నిలబడ్డాడు. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తిన్నాడు. రాత్రి మాత్రం నిద్ర రాక ఎంతసేపటికీ దొర్లుతూనే ఉన్నాడని అమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

ఆ తర్వాతి ఏళ్ళన్నీ నాకు ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. వాన వచ్చిన ఏడు తక్కువ. బోర్లు ఎండిపోయాయి, చేలల్లో శెనక్కాయలు బొట్టనవేలంత కూడా ఊరలేదు, చాలామంది బెంగళూరు దారి పట్టారు. కళ్యాణదుర్గంలో దూది ఏకే మిషను వచ్చింది, దాని వెనకే ఫోము పరుపులు వచ్చాయి. నాయన విల్లు మూలుగు తగ్గింది గాని ఆగలేదు. పని లేని రోజు కూడా పాత దూదినే మళ్ళీ ఏకేవాడు, ఎందుకంటే ఆ దెబ్బ లేకుండా ఆయనకు వాక్యం నిలిచేది కాదు. సాయంత్రపు అసర్ నమాజు తర్వాత హాఫిజు వచ్చి గడప మీద కూర్చుని వినేవాడు. నేను పెళ్ళయి గుంతకల్లు పోయాక కూడా, పండగకు వచ్చినప్పుడు చూస్తే ఇద్దరూ అక్కడే. ఎన్నో ఏళ్ళకు సూరా పూర్తయింది. ఆ రోజు అమ్మ సేమ్యా వండింది. కానీ నాయన భయం అప్పుడే మొదలైందని నేను అనుకుంటాను. నేర్చుకునేటప్పుడు రానిదేదో తెలిసేది, ఇప్పుడు ఏది ఎప్పుడు జారిపోతుందో తెలియదు. బస్సులో, చావు ఇంట్లో, నా కొడుకును ఒడిలో పెట్టుకుని కూడా పెదవులు కదుపుతూనే ఉండేవాడు. మధ్యలో వేరే గ్రహణాలు వచ్చాయి, ఒకటి రెండు పూర్తి గ్రహణాలు కూడా. హాఫిజు నువ్వు చదివించన్నా అంటే, ఇది మన కుటుంబం కాదులే, మనది ఇంకా రావాల్ల అనేవాడు.

పద్దెనిమిదో ఏడు వచ్చింది. రంజాను రోజాలన్నీ పట్టాడు. పండగ అయిన కొన్నాళ్ళకు, మధ్యాహ్నం పూట, విల్లు దించి పక్కన పెట్టి, కొంచెం ఒరుగుతానని పరుపు మీద ఒరిగాడు. మళ్ళీ లేవలేదు. అల్లాహ్ దగ్గరనుంచి వచ్చినవాళ్ళం, ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. గ్రహణానికి ఇంకా కొద్ది రోజులే ఉంది.

ఊళ్ళో కొందరు, గ్రహణం హుసేనప్పను ముందుగానే తీసుకుపోయిందన్నారు. నా మనసు కూడా ఆ మాటకు మొగ్గింది, దాచను. అలా అనుకుంటే ఆ దుఃఖానికి ఒక ఆకారం దొరికేది. కానీ ప్రవక్త తన పసిబిడ్డ పోయిన రోజునే సూర్యుడికి గ్రహణం పడితే, జనం అది బిడ్డ కోసమే పట్టిందంటే, ఆ కన్నీళ్ళలో కూడా వాళ్ళను సరిదిద్దారని నాయనే నాకు నేర్పాడు. ఆ గ్రహణం తన వేళకు తాను వచ్చింది. నాయన పుట్టకముందు కూడా ఆ దారిలోనే ఉంది. గుంతకల్లులో నాకు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. తెల్లవారాక హాఫిజు ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయన గడ్డం నెరిసింది. రాత్రి ఆ సూరా మొత్తం చదివానని చెప్పి, "నాయన ఆ పొద్దు మరిచిన చోట నేను కూడా ఆగినా చెల్లెలా. వెనకనుంచి ఎవరన్నా అందిస్తారేమోనని ఒక ఊపిరి సేపు సూసినా. మళ్ళా చదివినా," అన్నాడు.

ఊరినుంచి తెచ్చిన రోకలిని నిన్న మధ్యాహ్నం, గ్రహణమూ ఏమీ లేని ఎండలో, మా వంటింటి బండ మీద నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి చూశాను. నిలబడింది. పొన్ను అంత చదునుగా ఉంటే నిలబడక ఏం చేస్తుంది. నా కొడుకు సెల్‌ఫోనులో వెతికి, ఆ కుటుంబంలో రాబోయే గ్రహణాలు చూపించాడు. వచ్చేది మన పొద్దు పొడిచాక పడుతుంది, దాని తర్వాతదీ మన పగటిలోనే పోతుంది. మూడోది మాత్రం మళ్ళీ మా ఊరి రాత్రిలోకి, గట్టు పైకి వస్తుంది. అప్పటికి నేనుండను, హాఫిజు ఉండడు, ఈ పిల్లవాడు ముసలివాడై ఉంటాడు. అప్పుడు విడిచేదాకా ఆకాశం వైపే చూస్తూ కూర్చునే మనుషులం మేము. ఇప్పుడు విడిచే నిమిషం దాకా చేతిలోనే తెలుస్తుంది. అయినా భయం తగ్గలేదు. రోకలి పడుతుందా లేదా అన్న భయం పోయి, ఆ రాత్రి ఆ మసీదులో ముందు నిలబడేవాడు ఎవరైనా ఉంటారా, వాడు మరిచిపోతే అందించేవాడు ఉంటాడా అన్న భయం వచ్చింది. నేనూ ఆ పెద్ద సూరా మొదలుపెట్టాను. నాయన ఆగిన చోటికి ఇంకా చేరలేదు.

చదువుతున్న మీరు, ఒక్క క్షణం నాతో పాటు చేతులెత్తండి. హుసేనప్ప సమాధిలో వెలుగు నింపమని, తడిచేయి తుడుచుకోమన్న ఆ ముసలామెను, ఆ చేయి చాచిన మా అమ్మను కరుణించమని అడగండి. ఇంకా పుట్టని ఆ మనిషి కోసం కూడా అడగండి. ఎర్రటి చంద్రుడి కింద, ఆ ఎండిన నేల మీద, వాడు ఒక మాట దగ్గర ఆగిపోయినప్పుడు, యా అల్లాహ్, వెనక వరసలో ఒక్క గొంతునైనా ఉంచు. ఆమీన్ అనండి.